ఆరేళ్ల పాప, రెండేళ్ల బాబుతో న్యూజిలాండ్ దక్షిణ దీవిలో కారు ప్రయాణం

దసరా సెలవుల్లో ఐదేళ్ల పాపను, రెండేళ్ల బాబును వెంటబెట్టుకుని క్రైస్ట్‌చర్చ్‌లో కారు అద్దెకు తీసుకుని, కొండల మధ్య ఉండే మిల్‌ఫర్డ్ సౌండ్ అనే సముద్రపాయ, పశ్చిమ తీరం రెండూ చూసుకుని పది రోజుల్లో తిరిగి అక్కడికే చేరుకోవడం సాధ్యమేనా అని మీరు అడిగారు. సాధ్యమే, కానీ పశ్చిమ తీరాన్ని ఈసారికి వదిలేయమని చెబుతాను. మేము ఇంచుమించు ఇదే దారిలో, ఇదే అక్టోబరులో, ఆరేళ్ల పాపతో, రెండేళ్ల బాబుతో, మా అత్తయ్యగారితో కలిసి వెళ్లాం. మాకు ఎదురైన ఇబ్బందుల్లో సగానికి కారణం దురదృష్టం కాదు, రోజుకు ఇన్ని కిలోమీటర్లని విజయవాడలో కూర్చుని మేమే వేసుకున్న లెక్క.

ముందు డ్రైవింగ్ గురించి. మీరు భయపడుతున్నది దాని గురించే అనిపించింది, నిజానికి అది అన్నిటికన్నా తేలిక. అక్కడ కూడా మనలాగే ఎడమవైపు నడపాలి, లైసెన్సు ఇంగ్లీషులో ఉంటే చాలు. కొత్తగా అలవాటు చేసుకోవలసింది ఒకే వరుస ఉండే వంతెనలు. వంతెన ముందు బోర్డు మీద మన వైపు బాణం చిన్నదిగా, ఎర్రగా ఉంటే ఆగి ఎదుటివారికి దారి ఇవ్వాలి. మావారికి రెండో రోజుకల్లా అది అలవాటైపోయింది.

మొదటి చిక్కు విమానాశ్రయంలోనే ఎదురైంది. ఆ దేశానికి ఆహారపదార్థాల విషయంలో పట్టింపు ఎక్కువ. తెచ్చిన ప్రతి తినుబండారాన్నీ ముందుగా ప్రకటించాలి, ప్రకటించకుండా దొరికితే అక్కడికక్కడే 400 న్యూజిలాండ్ డాలర్ల జరిమానా. మేము ఆవకాయ, కందిపొడి, అటుకులు అన్నీ రాసిచ్చి ధీమాగా వరుసలో నిలబడ్డాం. అంతలో పాప, "అమ్మా, విమానంలో ఇచ్చిన అరటిపండు తమ్ముడి డైపర్ల సంచిలో దాచాను, తర్వాత తింటాడని" అంది. అప్పటికి మా ముందు ముగ్గురే ఉన్నారు. సంచి అక్కడే నేల మీద బోర్లించి, డైపర్ల మధ్య నలిగి నల్లబడిన ఆ పండును వెతికి తీసి, దారిలో పెట్టిన చెత్తడబ్బాలో పడేశాం. ఆ తర్వాత అత్తయ్యగారు మెల్లగా తన చేతిసంచి తెరిచి, తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు కట్టను బయటకు తీశారు. పచ్చి ఆకులు, తేనె అసలు అనుమతించరు. మనంతట మనమే చెప్పి అప్పగిస్తే మాత్రం నవ్వుతూనే తీసుకుని పారేస్తారు. మా ఆవకాయ సీసాను అటూ ఇటూ తిప్పి చూసి వదిలేశారు. ఆ పది రోజులూ మా భోజనం దాని మీదే నడిచింది. వరుసలో నిలబడే ముందు పిల్లల జేబులతో సహా అన్నీ వెతకండి.

పిల్లల సీటు విషయం ఇంతకన్నా ముఖ్యం. ఏడేళ్ల లోపు పిల్లలందరినీ వారి వయసుకు తగిన, ఆమోదం పొందిన సీటులోనే కూర్చోబెట్టాలని అక్కడి చట్టం. మేము రెండు సీట్లు అడిగి డబ్బు కట్టినా, అద్దె సంస్థ దగ్గర ఆ రోజు బాబుకు సరిపోయే సీటు లేదు, ఇంకో చోటి నుంచి తెప్పించేసరికి గంటన్నర పట్టింది. అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. పుట్టిన దగ్గర నుంచీ కారులో నా ఒడిలోనే కూర్చున్న పిల్లవాణ్ని ఒక్కసారిగా బెల్టులతో బిగించేసరికి మొదటి 40 కిలోమీటర్లూ ఆపకుండా ఏడ్చాడు. మన ఊళ్లో ఒడిలో కూర్చోబెట్టుకోవడం ముద్దనుకుంటాం కానీ, అది తప్పని నాకు అక్కడే బాగా అర్థమైంది. మీరు వెళ్లడానికి కనీసం నెల ముందే ఇక్కడ ఒక సీటు సంపాదించి, రోజూ బడికో బజారుకో అందులోనే తీసుకెళ్లి అలవాటు చేయండి.

సమయం సంగతి ఎవరూ మాకు చెప్పలేదు. అక్టోబరులో న్యూజిలాండ్ మనకంటే ఏడున్నర గంటలు ముందుంటుంది. అక్కడ రాత్రి పది గంటలంటే పిల్లల ఒంటికి మధ్యాహ్నం రెండున్నర, కాబట్టి నిద్ర రాదు. అక్కడ ఉదయం ఏడంటే మన దగ్గర రాత్రి పదకొండున్నర, కాబట్టి లేవరు. మేము దిగిన మోటళ్లన్నీ ఉదయం పది గంటలకే గది ఖాళీ చేయమనేవి. మొదటి నాలుగు రోజులూ నిద్రపోతున్న పిల్లల్ని భుజాన వేసుకుని కారెక్కించాం. ఏమీ తినకుండా, వంపులు తిరిగే కొండదారిలో సగం నిద్రలో మేలుకున్న పిల్లవాడు ఏం చేస్తాడో మీరే ఊహించండి. టెకపో నుంచి వనాక వెళ్లేటప్పుడు 971 మీటర్ల ఎత్తున లిండిస్ కనుమ ఉంటుంది, అది దిగుతుండగా బాబు ముందు తన మీద, తర్వాత అక్క మీద, ఆ తర్వాత సీటు బెల్టు బిగించే బకిల్ సందుల్లోకి వాంతి చేసుకున్నాడు. ఆ సీటు గుడ్డ విప్పి ఉతికి, హీటరు ముందు ఆరబెట్టాక, బెల్టులను మళ్లీ ఏ రంధ్రంలోంచి ఎలా దూర్చాలో మా ఇద్దరికీ గుర్తు లేదు, రాత్రి పదకొండు దాకా నేల మీద కూర్చుని దానితోనే కుస్తీ పట్టాం. సీటు విప్పే ముందు ఫోనులో నాలుగు ఫోటోలు తీసుకోండి.

మిల్‌ఫర్డ్ చూడటానికి సరస్సు ఒడ్డున ఉన్న టె అనావు అనే ఊళ్లో రెండు రాత్రులు పెట్టుకున్నాం. అక్కడి నుంచి మిల్‌ఫర్డ్‌కు సుమారు 120 కిలోమీటర్లు. అది మంచుచరియలు విరిగిపడే కాలం కావడంతో, మేము వెళ్లాలనుకున్న రోజున దారి మూసేశారు. పాప ముఖం చిన్నబోయింది. ఊరి చివర సరస్సు ఒడ్డున పక్షుల కేంద్రానికి తీసుకెళ్లాం. అంతరించిపోయిందనుకున్న టకహే పక్షి 1948లో ఆ సరస్సు అవతలి కొండల్లోనే మళ్లీ కనిపించింది. నీలం, ఆకుపచ్చ రంగుల్లో కోడికన్నా పెద్దగా ఉండే ఆ పక్షి గడ్డి కాడను కాలితో పట్టుకుని కొరుక్కుతినడాన్ని పాప అరగంట సేపు చూసింది. ఇప్పటికీ న్యూజిలాండ్ అంటే దానికి మిల్‌ఫర్డ్ గుర్తు రాదు, టకహేనే గుర్తొస్తుంది.

తిరిగి కారెక్కుతుంటే పెద్ద గాలికి తలుపు దభీమని మూసుకుని పాప వేలు నలిగింది. ఊళ్లోని వైద్య కేంద్రంలో చూసి, ఎముకకు ఏమీ కాలేదని కట్టు కట్టి పంపారు, మేము కట్టింది చాలా స్వల్పం. అక్కడ ప్రమాదంలో తగిలిన గాయాల వైద్యానికయ్యే ఖర్చులో చాలా భాగం ఏసీసీ అనే ప్రభుత్వ పథకం భరిస్తుంది, పర్యాటకులకూ అది వర్తిస్తుంది. జ్వరం, విరేచనాలు లాంటి జబ్బులకు మాత్రం వర్తించదు కాబట్టి ప్రయాణ బీమా మానకండి.

మర్నాడు దారి తెరిచారు. మిల్‌ఫర్డ్ దారిలోని హోమర్ సొరంగం దగ్గర ఆగినప్పుడు కియా అనే కొండచిలుక ఒకటి మా కారు పైకెక్కి, పిల్లలు చప్పట్లు కొడుతుండగా, అద్దం అంచున ఉన్న రబ్బరును పీకి ముక్కలు చేసింది. వాటికి తిండి పెట్టకూడదు, కారును వాటి ఎదుట ఎక్కువసేపు నిలపకూడదు. కారు తిరిగి ఇచ్చేటప్పుడు ఆ రబ్బరుకు మా దగ్గర డబ్బు వసూలు చేశారు.

పశ్చిమ తీరం వద్దని చెప్పడానికి కారణం ఇక్కడుంది. ఒక రోజు టె అనావులోనే పోయింది కనుక, దాన్ని పూడ్చుకోవాలని వనాక నుంచి పశ్చిమ తీరంలోని ఫ్రాంజ్ జోసెఫ్ దాకా ఒకే రోజులో సుమారు 285 కిలోమీటర్లు పెట్టుకున్నాం. హాస్ట్ అనే ఊరు దాటాక ఒక మలుపులో చక్రం అంచు రాయికి తగిలి టైరు పక్కభాగం చీలింది. డిక్కీ తెరిస్తే స్టెప్నీ లేదు, ఒక నురుగు సీసా, చిన్న పంపు ఉన్నాయి. అవి మేకు దిగితే పనికొస్తాయి కానీ చీలిక పడితే కావు. ఫోనులో సిగ్నల్ లేదు. తలుపు తెరిస్తే శాండ్‌ఫ్లై అనే నల్లటి చిన్న ఈగలు మూగి కుడతాయి, మూస్తే బాబు ఏడుస్తాడు. చివరకు పడవను వెనక తగిలించుకుని వెళ్తున్న ఒక పెద్దాయన ఆగి, సిగ్నల్ వచ్చే చోట తనే ఫోను చేస్తానని చెప్పి వెళ్లాడు, మాట తప్పలేదు. సాయం వచ్చేసరికి నాలుగు గంటలు పట్టింది. ఆ నాలుగు గంటలూ అత్తయ్యగారు పొద్దున మోటల్ వంటగదిలో చేసిన పులిహోరే మమ్మల్ని కాపాడింది. పూర్తి బీమా అని చెప్పి అమ్మిన దానిలో టైర్లు, కారు కింది భాగం కలవవని కూడా ఆ రోజే తెలిసింది. సంతకం పెట్టే ముందు టైర్లు, అద్దాలు అందులో ఉన్నాయో లేదో, డిక్కీలో స్టెప్నీ ఉందో లేదో చూసుకోండి.

కాబట్టి మీ పది రోజులకు నేనైతే టెకపోలో రెండు రాత్రులు, వనాకలో రెండు, దారి మూసేసినా ఇంకో రోజు చేతిలో ఉండేలా టె అనావులో మూడు పెట్టుకుని, వచ్చిన దారినే క్రైస్ట్‌చర్చ్ చేరుకుంటాను. ఉదయం పది గంటల గొడవ లేకుండా ఒక గంట ఆలస్యంగా ఖాళీ చేయనిస్తారేమో మోటల్ వాళ్లను ముందే అడగండి, మేము అడిగిన రెండు చోట్లా ఒప్పుకున్నారు.