"బోర్" అంటూ రెండు నిమిషాల్లో తిరిగొచ్చి ఫోన్ అడిగే పిల్లాడికి

ఏడేళ్ల బాబు, బయటికి పంపిన రెండు నిమిషాలకే తిరిగొచ్చి ఫోన్ కోసం ఏడుస్తున్నాడంటే, అది మొండితనం కాదండి. బయట ఏం ఆడాలో వాడికి తోచడం లేదు. ఫోన్‌లో ఒక వీడియో అవగానే ఇంకోటి దానంతటదే వస్తుంది. ఆట అలా రాదు, ఎవరో ఒకరు మొదలుపెట్టాలి.

1. ఇలా వీడియోలు వాటంతటవే వచ్చేలా చేసే ఆటోప్లే సెట్టింగ్ ఆపేయండి. వీడియో మధ్యలో ఫోన్ లాక్కోవద్దు, అయ్యేదాకా ఆగండి. సగం గొడవ అక్కడే తగ్గుతుంది.

2. చాలామంది వదిలేసేది ఇదే: "వెళ్లి ఆడుకో" అని పంపకండి, మీరూ వెళ్లండి. మొదటి పదిహేను నిమిషాలు చాలు. మీ ఫోన్ మాత్రం ఇంట్లోనే పెట్టేయండి. సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు గీసి, మొదటి బిళ్ల మీరే వేయండి. మా పాప మొదటి రోజు చేతులు కట్టుకుని గోడకానుకుని నిలబడింది. నా కాలు గీత మీద పడగానే "అవుట్!" అని అరుస్తూ పరుగెత్తుకొచ్చింది. మీ బాబు ఆటలో పడ్డాక మెల్లగా పక్కకు జరిగి కూర్చోండి.

3. రోజూ అదే వేళకు వెళ్లండి. చుట్టుపక్కల పిల్లలు ఒకరిద్దరు కలిస్తే ఇక మీతో పనుండదు.

5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి బాగా పని చెప్పే ఆట ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. మొదటి రోజే గంట అక్కర్లేదు, 20 నిమిషాలతో మొదలుపెట్టండి. తొలి వారం ఏడుపు ఉంటుంది, టెన్షన్ పడకండి.