మామగారి ముందు రికార్డరు పెట్టకండి

శాన్‌డియాగోలో ఉంటున్న ఒక సోదరి రాసిన ఉత్తరం సారాంశం ఇది. ఆమె అమెరికన్‌ను వివాహమాడారు. మామగారు నౌకాదళ పైలట్. వియత్నాం యుద్ధంలో విమానం కూలి, హనోయ్‌లో ఏళ్ల తరబడి బందీగా ఉండి 1973లో విడుదలయ్యారు. తొమ్మిదేళ్ల మనవడి కోసం ఆయన అనుభవాలను భద్రపరచాలని కొడుకు ఎదురుగా కూర్చుని, ఫోనులో రికార్డింగు పెట్టి ప్రశ్నలు మొదలుపెడితే, మూడో ప్రశ్నకే ఆయన లేచి వెళ్లిపోయారట. పది రోజులుగా తండ్రీకొడుకుల మధ్య మాటల్లేవు. "ఆయనకు మా మీద నమ్మకం లేదా?" అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా, మన ఇళ్లలో పెద్దవారు మౌనం వహిస్తే అలిగారనుకుంటాం. ఆ లెక్క ఇక్కడ వేయకండి. హనోయ్‌లోని హోవాలో చెరసాలలో అమెరికన్ బందీలను అధికారులు ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నించేవారు, హింసించి రాబట్టిన ఒప్పుకోళ్లను టేపు మీదికి ఎక్కించేవారు. మీవారు ప్రేమతోనే చేసినా, ఆయన కళ్లకు మీ భోజనాల బల్ల దగ్గర కనిపించింది ఆ ఏర్పాటే కావచ్చు.

భయం కన్నా సిగ్గు ఎక్కువ కాలం నిలుస్తుంది. అమెరికా సైనికుల కోసం 1955లో తెచ్చిన నియమావళి ప్రకారం బందీ చెప్పవలసినవి పేరు, హోదా, సర్వీసు నంబరు, పుట్టిన తేదీ మాత్రమే. తాళ్లతో చేతులు విరిచికట్టే హింసలో ఆ హద్దు దాటక తప్పనివారు ఎందరో. 1965 సెప్టెంబరులో పట్టుబడి ఏడేళ్లకు పైగా చెరలో గడిపిన నౌకాదళ పైలట్ జేమ్స్ స్టాక్‌డేల్, ప్రచార చిత్రాల్లో తనను చూపకుండా ఉండేందుకు స్టూలుతో తన ముఖాన్ని తానే గాయపరచుకున్నంత మొండివాడు. అంతటివాడు కూడా తాను లొంగిన సందర్భాలున్నాయని ఒప్పుకున్నాడు. మీ మామగారి మనసులో ఏముందో నాకు తెలియదు గానీ, అటువంటిదేదో ఉంటే కొడుకు ముందు, మనవడు వినబోయే రికార్డింగులో చెప్పుకోలేరు.

అందుచేత మీవారు సంజాయిషీ అడగకుండా, "అలా కూర్చోబెట్టి అడగడం నా పొరపాటు, నాన్నా" అని ఒక్కమాట అనాలి. ఆపైన ఎదురుగా కాక పక్కన ఉండే పనులు కల్పించుకోవాలి: నడక, కారు ప్రయాణం, తోటపని. బందీలు గోడ మీద తట్టి మాట్లాడుకున్న సంకేతలిపిని, అంటే ఇంగ్లీషు అక్షరాల్లో కె తీసేసి, మిగతావాటిని ఐదు వరుసలు, ఐదు నిలువు గళ్లలో అమర్చి, వరుస సంఖ్య, గడి సంఖ్య తట్టి చెప్పే పద్ధతిని, నేర్పమని మనవడిని అడగనివ్వండి. కాదనే హక్కు ఆయనదే; సరేనంటే మాత్రం అక్కడ ఆయన బందీ కారు, గురువు.

ఉత్తరంలో అత్తగారి గురించి ఒక్క వాక్యమే రాశారు. బందీల భార్యలు నోరు మెదపకూడదని ప్రభుత్వమే ఏళ్ల తరబడి చెప్పింది. స్టాక్‌డేల్ భార్య సిబిల్ 1960ల చివర దాన్ని ధిక్కరించి భార్యలను కూడగట్టింది మీ శాన్‌డియాగో ప్రాంతంలోనే. ఆ ఏళ్లు ఎలా గడిచాయని ముందు మీ అత్తగారిని అడగండి.

వియత్నాం బందీలకు దశాబ్దాలుగా వైద్యపరీక్షలు చేస్తున్న నౌకాదళ కేంద్రం ఫ్లోరిడాలోని పెన్సకోలాలో ఉంది. ఆయన అక్కడికి వెళ్తుంటారేమో అత్తగారి ద్వారా తెలుసుకోండి. అక్కడ కలిసే పాత సహచరులతో ఆయన ఇప్పటికే మాట్లాడుతూ ఉండవచ్చు.