ఊరి చరిత్ర ఎక్కడ వెతకాలి?

ప్రశ్న: మా అబ్బాయి ఉండే స్కాట్లండ్ పల్లెకు రెండొందల ఏళ్ల నాటి వివరాలు కూడా దొరుకుతున్నాయట. చంద్రగిరి దగ్గరున్న మా ఊరి చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అదంతా స్కాట్లండ్‌కు చెందిన జాన్ సింక్లెయిర్ పుణ్యమమ్మా. ఆయన ఒక్కో పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊరి పరిధి) పాస్టరుకు 160కి పైగా ప్రశ్నలు పంపి పంటలు, కూలి, బడి, జబ్బులు అన్నీ రాబట్టి, 1791-99 మధ్య 21 సంపుటాలు అచ్చువేయించాడు. అక్కడ 1841 నుంచి జనాభా లెక్కల్లో ఇంటింటి పేర్లూ దొరుకుతాయి. మన దగ్గర ఆ ఇంటి పత్రాలు బయటపెట్టరు, ఆ దారి వదిలేయండి.

మనకు దిక్కు భూమి రికార్డులే. చిత్తూరు జిల్లా ఏర్పడింది 1911లో. అంతకుముందు చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. అందుకే అంతకు ముందటి కాగితాలను చిత్తూరు పేరుతో అడిగితే లేవంటారు, చాలామంది అక్కడే విసిగి వెనక్కొచ్చేస్తారు. భూమి శిస్తు నిర్ణయించినప్పుడు రాసిన సెటిల్‌మెంటు రిజిస్టరులో సర్వే నంబరు, విస్తీర్ణం, మాగాణా మెట్టా, పట్టాదారు ఎవరు అన్నవి ఉంటాయి. అంతకన్నా రుచి ఇనాం (శిస్తు మాఫీ చేసో తగ్గించో ఇచ్చిన భూమి) రిజిస్టరుది. 1858లో మొదలైన మద్రాసు ఇనాం కమిషన్ విచారణలో రాసింది అది. గుడికి, సేవ చేసేవాళ్లకు ఏ పొలం దేనికోసం ఇచ్చారో అందులో తెలుస్తుంది.

గుడి గోడమీద శాసనముంటే యాసిడ్, ఇనుప బ్రష్ తగలనీయకండి, రాయి పొర లేచి అక్షరం పోతుంది. మెత్తటి బ్రష్, నీళ్లు చాలు. ఎదురు వెలుగులో ఫోటో తీస్తే రాత కనపడదు. చీకటి పడ్డాక టార్చిని గోడకు దాదాపు ఆనించి పక్కనుంచి వేయండి, గాట్లలో నీడ పడి అక్షరాలు తేలతాయి. మన ప్రాంతపు శాసనాలు చాలావరకు తమిళంలోనే ఉంటాయి, పాత తమిళ లిపి చదవగలిగినవాళ్లను ముందే మాట్లాడుకోండి.