కాలు చూసి 34 శాతం వేశారు, మరి కన్ను మాటేమిటి?

ప్రశ్న: మాది పలమనేరు మండలంలో ఒక పల్లె. మా తమ్ముడికి 46 ఏళ్లు. చిన్నప్పుడే పోలియో వచ్చి కుడికాలు చచ్చుబడింది. పెద్దయ్యాక క్వారీలో రాయి ముక్క తగిలి ఎడమ కన్ను పూర్తిగా పోయింది. పాత సదరం సర్టిఫికెట్‌లో (వైకల్యం ఎంత శాతమో చూపేది) 60 శాతం ఉండేది, నెలకు 6,000 పింఛను వస్తోంది. రీవెరిఫికేషన్‌లో కాలు మాత్రం చూసి 34 శాతం వేశారు. 40 లేదు కాబట్టి పింఛను ఆపుతామని సచివాలయం నుంచి నోటీసు వచ్చింది. కోర్టుకు పోవాలా? వాడు బెంగళూరులో పూల మార్కెట్లో కూర్చుని మాలలు కడతాడు. రెండు నెలల పింఛను తీసుకోనేలేదు. ఆ డబ్బు పోయినట్టేనా?
- ఒక సోదరి, చిత్తూరు జిల్లా

జవాబు: అమ్మా, ఇప్పుడే కోర్టుకు పోవాల్సిన పని లేదు. అసలు సంగతిని మీరు మధ్యలో ఒక్క మాటగా చెప్పి దాటేశారు: కాలు చూశారు, కన్ను చూడలేదు. మీ కేసు బలమంతా అక్కడే ఉంది.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 40 శాతం, ఆపైన ఉంటే బెంచ్‌మార్క్ వైకల్యం అంటారు. మన రాష్ట్రంలో పింఛనుకు గీత గీసింది కూడా అక్కడే. ఒక మనిషికి రెండు వైకల్యాలు ఉన్నప్పుడు దేనికది విడిగా చూసి, ఏదీ 40 దాటలేదని పంపేయడం కుదరదు. రెండింటినీ కలిపి లెక్కకట్టే సూత్రం కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లోనే ఉంది.

అలాగని కాలుకు వేసిన 34కి కంటికి వచ్చే 30 కలిపి 64 అనకూడదు. ఎక్కువ ఉన్న శాతాన్ని అలాగే ఉంచాలి. 90లోంచి దాన్ని తీసేసి, మిగిలినదాన్ని తక్కువ శాతంతో గుణించి, 90తో భాగించాలి. వచ్చినదాన్ని మొదటిదానికి కలపాలి. ఒక కన్ను పూర్తిగా పోయి రెండో కన్ను బాగుంటే చూపు వైకల్యం 30 శాతంగా లెక్క. మీ తమ్ముడికి కాలు 34. 90లో 34 పోతే 56. దాన్ని 30తో గుణించి 90తో భాగిస్తే 18.67. మొత్తం 52.67. కంటి డాక్టరు 30 రాస్తే చాలు, గీత దాటేసినట్టే. పాత 60 నిలబడాలని మాత్రం పట్టుబట్టకండి. పింఛనుకు కావలసింది 40, మీరు పోరాడాల్సింది దాని కోసమే.

ఇక్కడ రెండు నిర్ణయాలు ఉన్నాయి. శాతం వేసింది డాక్టర్లు, పింఛను ఆపేది ప్రభుత్వ యంత్రాంగం. చాలామంది రెండోదాని మీదే కోపం పెట్టుకుని సచివాలయం చుట్టూ తిరుగుతారు. అక్కడి ఉద్యోగికి శాతం మార్చే అధికారం లేదు, పాపం వాళ్లని తిట్టి ఏం లాభం? పల్లెవాళ్లు కాబట్టి నోటీసులో ఇచ్చిన గడువులోగా ఎంపీడీవోకు అప్పీలు రాసివ్వండి. అందులో రెండే మాటలు ఉండాలి: కంటి వైకల్యాన్ని లెక్కలోకి తీసుకోలేదు, బహుళ వైకల్యం కింద మళ్లీ పరీక్షకు పంపండి. పాత సర్టిఫికెట్, నోటీసు, కన్ను పోయినప్పటి ఆసుపత్రి కాగితాల జిరాక్సులు జత చేయండి. అందినట్టు ముద్ర, తేదీ వేయించుకోకుండా బయటికి రావద్దు. సర్టిఫికెట్ ఇచ్చే అధికారి నిర్ణయంపై అప్పీలు చేసుకునే హక్కు ఆ చట్టంలోని 59వ సెక్షన్‌లోనే ఉంది, కాబట్టి ఎవరి దయా అక్కర్లేదు.

మళ్లీ పిలిచినప్పుడు, చిత్తూరు జిల్లా ఆసుపత్రి అయినా తిరుపతి రుయా అయినా, ఎముకల డాక్టరుతోపాటు కంటి డాక్టరు కూడా చూడాలని ముందే అడగండి. బయటి ఆసుపత్రి రిపోర్టులు సాక్ష్యంగా పనికొస్తాయి. శాతం వేసి సర్టిఫికెట్ ఇవ్వాల్సింది మాత్రం ప్రభుత్వం నియమించిన వైద్యాధికారులే. అసలు సర్టిఫికెట్టే ఇవ్వం అంటే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి, నోటిమాట చెల్లదు. 34 ఎలా వచ్చిందో చూపే పరీక్ష కాగితం కావాలంటే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో ఇవ్వాలి.

పూల మార్కెట్లో పనిచేస్తున్న సంగతి దాచాలేమోనని భయపడకండి. డాక్టర్లు కొలిచేది కండరాల బలం, కీళ్ల కదలిక, కాలు ఎంత పొట్టి అయింది, చూపు ఎంత ఉంది అనేవి. మాలలు కడుతున్నాడా లేదా అన్నది ఆ లెక్కలో లేదు. ఇంటి ఆదాయం సంగతి వేరే. పల్లెల్లో నెలకు 10,000 దాటకూడదన్న షరతు ఉంది. కానీ మీకు వచ్చిన నోటీసు శాతం గురించే కాబట్టి అడగని దానికి జవాబు రాసివ్వొద్దు.

'శాతం పెంచిస్తాం' అని ఆసుపత్రి దగ్గర తిరిగే వాళ్లకు పైసా ఇవ్వకండి. మోసం చేసి దివ్యాంగుల ప్రయోజనం పొందితే దివ్యాంగుల హక్కుల చట్టం 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. న్యాయంగా గెలిచే కేసును మీరే పాడుచేసుకున్నట్టవుతుంది. ఇప్పుడు శాతం తగ్గినంత మాత్రాన పాత సర్టిఫికెట్ దొంగదని తేలినట్టు కాదు, ఆ టెన్షన్ వద్దు.

అప్పీలును వినకుండా తోసేస్తే, లేదా మళ్లీ కన్ను చూడకుండానే పంపేస్తే, అప్పుడు హైకోర్టులో రిట్ వేయొచ్చు. లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. దివ్యాంగులకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం అందాలని 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం చెబుతోంది. చిత్తూరు కోర్టు ఆవరణలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి.

ఇక ఆ రెండు నెలల డబ్బు. అది పోలేదు. వరుసగా రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మూడూ కలిపి తీసుకోవచ్చు. మూడో నెల కూడా రాకపోతే శాశ్వతంగా ఊరు వదిలి వెళ్లాడని లెక్కేసి ఆపేస్తారు. అందుకే వచ్చే ఒకటో తారీఖుకు మీ తమ్ముడిని బెంగళూరు నుంచి తప్పకుండా పిలిపించండి. ఒకటి సెలవురోజైతే ముందురోజే పంచుతారు, కాబట్టి ఒకరోజు ముందే బస్సెక్కమనండి.