మేతలో కలిపిన సప్లిమెంటు వల్ల రొయ్యలు రిజెక్ట్ అయ్యాయి, కేసు నిలుస్తుందా?

ప్రశ్న: ఆకివీడు దగ్గర నాలుగెకరాల చెరువు లీజుకు తీసుకుని నేను, మా అబ్బాయి వెనామీ రొయ్యల సాగు చేస్తున్నాం. 2024 మేలో, వరసకు బావ అయ్యే డీలర్ దగ్గర మేతలో కలిపే గట్ సప్లిమెంటు (రొయ్యల పేగుల ఆరోగ్యానికి వాడేది) రూ.1.80 లక్షలకు కొన్నాను. డబ్బు ఫోన్‌పేలో పంపాను. బంధువు కదా అని బిల్లు అడగలేదు, కచ్చా చీటీ ఉంది. పట్టుబడికి ముందు చేయించిన పరీక్షలో నిషిద్ధ యాంటీబయాటిక్ నైట్రోఫ్యూరాన్ ఆనవాళ్లు ఉన్నాయని ఆగస్టు 9న రిపోర్టు వచ్చింది. ప్రాసెసింగ్ ప్లాంటు వాళ్లు సరుకు వద్దన్నారు. స్థానికంగా అయినకాడికి అమ్మితే రూ.14 లక్షలు నష్టం వచ్చింది. మా ఆవిడ నగలు ఇంకా తాకట్టులోనే ఉన్నాయి. కంపెనీతో మాట్లాడి ఇప్పిస్తానని బావ ఇన్నాళ్లూ తిప్పాడు. ఇప్పుడు పాత తేదీతో బిల్లు రాసిస్తాను, కంపెనీ మీద కేసు వేసుకో, నా పేరు మాత్రం లాగొద్దు అంటున్నాడు. ప్యాకెట్ మీద కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (తీర ప్రాంత ఆక్వా సాగును నియంత్రించే కేంద్ర సంస్థ) నంబరు ఉంది. రెండు ప్యాకెట్లు విప్పకుండా షెడ్డులో ఉన్నాయి. నా సంతకం ఉన్న ఖాళీ చెక్కు ఒకటి బావ దగ్గర ఉంది. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ కేసంతా ఒక్క ప్రశ్న మీద ఆధారపడి ఉంది. ఆ మందు మీరు కొన్న ప్యాకెట్‌లోంచే రొయ్యల్లోకి వచ్చిందని చూపించగలరా? మీ చేతిలోని రిపోర్టు రొయ్యల్లో ఏముందో చెబుతుంది, ప్యాకెట్‌లో ఏముందో చెప్పదు. హేచరీ పిల్ల నుంచి వచ్చింది, వేరే మందు వల్ల వచ్చింది, పక్క చెరువు నీళ్లతో వచ్చింది అని అవతలి లాయరు వరసపెట్టి చెబుతాడు. ముందు రిపోర్టులో ఏ పదార్థం పేరు ఉందో చూడండి. ఏఓజెడ్ (ఫ్యూరాజోలిడోన్ అనే నైట్రోఫ్యూరాన్ మందు వాడితే మిగిలే ఆనవాలు) అని ఉంటే మీకు బలం. సెమికార్బజైడ్ (ఇంకో నైట్రోఫ్యూరాన్ మందు మిగిల్చే ఆనవాలు) ఒక్కటే ఉంటే చిక్కే. రొయ్య జాతుల పొట్టులో అది సహజంగానూ ఉండవచ్చని పరిశోధనలు ఉన్నాయి, కంపెనీ వాటినే ముందుకు తెస్తుంది.

ప్యాకెట్ మీద అథారిటీ నంబరు ఉందన్నారు. ఆ నంబరు నిజమో కాదో అథారిటీ జాబితాలో కంపెనీ పేరు, ఉత్పత్తి పేరు రెండూ పోల్చి చూశారా? పోల్చిన రైతును నేను ఇంతవరకు చూడలేదు. నంబరు నిజమే అయినా, మీకు వచ్చిన బ్యాచ్ శుభ్రమైనదని దాని అర్థం కాదు. నంబరు దొంగదైతే కంపెనీ తప్పు చేసినట్టే కానీ, మీ నష్టం దానివల్లే అని మళ్లీ విడిగా చూపించాల్సిందే.

అందుకే షెడ్డులోని ఆ రెండు ప్యాకెట్లు మీకు నగలకంటే విలువైనవి. విప్పకండి. మీ అంతట మీరు ప్రైవేటు ల్యాబుకూ పంపకండి, మీరే కలిపి పంపారంటారు. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫొటోలు తీసి పొడిగా దాచండి. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 సెక్షన్ 38 కింద వినియోగదారుల కమిషనే శాంపిల్ సీలు వేసి ల్యాబుకు పంపిస్తుంది. ఫిర్యాదుతో పాటే ఆ పిటిషన్ వేయండి. ఎక్స్‌పైరీ దాటిన ప్యాకెట్ ఫలితం చెల్లదని వాదించే అవకాశం వాళ్లకు ఇవ్వొద్దు. ఆ బ్యాచ్‌లో కంపెనీ దాచుకున్న శాంపిల్ కూడా తెప్పించమని అడగండి. ఆంధ్ర రైతుల విత్తనాల వ్యవహారంలోనే, 2012 నాటి నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ కేసులో, రైతు కూడా వినియోగదారుడేనని సుప్రీంకోర్టు చెప్పింది. విత్తనమంతా చల్లేసిన రైతు దగ్గర శాంపిల్ మిగలలేదని అతని కేసు కొట్టేయకూడదనీ చెప్పింది.

ఇక గడువు. లోపం తెలిసిన రోజు నుంచి రెండేళ్లు, అంటే ఆగస్టు 8తో సరి. ఇప్పటికే జూన్ సగం అయిపోయింది. బావ మాట మీద ఇన్ని నెలలు కూర్చున్నారు. నోటిమాట చర్చలు గడువును ఒక్క రోజు కూడా పెంచవు. కొన్న తేదీ నుంచే లెక్క వేయాలని కంపెనీ వాదించవచ్చు. అలా చూస్తే మే నెలలోనే అయిపోయినట్టు. కాబట్టి ముందుజాగ్రత్తగా సెక్షన్ 69 కింద ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా జత చేయండి. లీగల్ నోటీసుకు జవాబు కోసం ఎదురుచూస్తూ జూలై పోగొట్టుకోవద్దు.

పాత తేదీ బిల్లు మాత్రం ముట్టుకోవద్దు. ఆ నంబరు బిల్లు డీలర్ జీఎస్టీ లెక్కల్లో ఉండదు, మొదటి క్రాస్ ఎగ్జామినేషన్‌లోనే బయటపడుతుంది. తప్పుడు సాక్ష్యం సృష్టించడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల వరకు శిక్షపడే నేరం. పైగా డీలర్‌ను వదిలేస్తే, వీళ్లకు మేం అమ్మనే లేదని కంపెనీ ఒక్క మాటతో తప్పుకుంటుంది. బంధుత్వం పెళ్లిళ్లలో చూసుకోండి. ఫిర్యాదులో మొదటి ప్రతివాది డీలర్, రెండో ప్రతివాది కంపెనీ.

కచ్చా చీటీ, ఫోన్‌పే లావాదేవీ, బ్యాంకు స్టేట్‌మెంటు, బావ వాట్సాప్ సందేశాలు, ఇవే మీ బిల్లు. ఫోన్ మార్చకండి. సందేశాల ప్రింటుతో పాటు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా తీసుకోవడానికి ఇచ్చే ధ్రువపత్రం) ఉండాలి. రోజూ మేత, మందులు రాసే చెరువు పుస్తకం ఉంటే తీయండి. లేకపోతే ఇప్పుడు కూర్చుని రాయొద్దు. అదే బ్యాచ్ వాడి దెబ్బతిన్న ఇంకో రైతు దొరికితే అఫిడవిట్ తీసుకోండి.

ఫిర్యాదు రాసే లాయరుకు ఒక మాట. దీన్ని కేవలం ప్రొడక్ట్ లయబిలిటీ (లోపమున్న సరుకు వల్ల జరిగిన హానికి తయారీదారు, అమ్మకందారు బాధ్యత) కింద నడపొద్దు. చట్టంలో ఆ ‘హాని’ నిర్వచనంలోంచి ఆర్థిక నష్టాన్ని మినహాయించారు. సరుకులో లోపం, నిర్లక్ష్యానికి పరిహారం అని కట్టాలి. ఇది మీ సొంత కష్టంతో చేసుకునే జీవనోపాధి అని మొదటి పేరాలోనే రాయాలి, లేకపోతే వ్యాపారం అని తోసేస్తారు. కొన్న ధర రూ.5 లక్షల లోపే కాబట్టి జిల్లా కమిషన్‌లో ఫీజు లేదు, మీ ఊరు ఉన్న జిల్లాలోనే వేయవచ్చు. నిషిద్ధ మందు తేలిన సరుకును స్థానికంగా అమ్మిన సంగతి కూడా క్రాస్‌లో వస్తుంది. మీ లాయరు దగ్గర అది దాచకండి.

చెక్కు సంగతి. స్టాప్ పేమెంట్ పెడితే తప్పించుకున్నట్టు కాదు, దానికీ నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని సెక్షన్ 138 (చెక్కు బౌన్స్ నేరం) వర్తిస్తుంది. సంతకం చేసిన ఖాళీ చెక్కు అయినా అది బాకీ కోసం ఇచ్చిందేనని కోర్టు మొదట అనుకుంటుంది, కాదని చూపించే భారం మీదే. చెక్కు ఎప్పుడు, ఎందుకు ఇచ్చారో, నిజమైన బాకీ ఎంతో రాసి, తిరిగి ఇమ్మని ఇప్పుడే స్పీడ్ పోస్టులో డీలర్‌కు నోటీసు పంపండి. ఆయన దగ్గర నుంచి బౌన్స్ నోటీసు వస్తే 15 రోజుల్లోపు లాయరు ద్వారా జవాబు ఇవ్వండి. పోస్ట్‌మ్యాన్ తెచ్చిన కవరు తీసుకోకుండా తిప్పి పంపినా అందినట్టే లెక్క.