ఈ వారం రాలేదేమని అడిగేవారు

చిరంజీవికి, ఆశీస్సులతో.

పాఠకులను ఎలా నిలబెట్టుకోవాలి, డబ్బు ఎప్పుడు అడగాలి అని అడిగిన నీ ఉత్తరమూ, దానితో పంపిన మూడు వ్యాసాలూ చదివాను. కుట్టు మిషన్ల మరమ్మతు గురించి ఇంత శ్రద్ధగా రాసేవాళ్లు అరుదు. మెచ్చుకోలు ఇంతటితో ముగించి, నాకు చిరాకు తెప్పించిన చోటికి వస్తాను. మూడో వ్యాసంలో, కింది దారపు చుట్టను పట్టి ఉంచే డబ్బీని, అంటే బాబిన్ కేసును, దారంతో వేలాడదీసి చేతిని చిన్నగా కుదిపితే అది కొద్దిగా జారి ఆగాలనీ, అసలు జారకపోతే బిగువు ఎక్కువనీ, సర్రున దిగిపోతే తక్కువనీ, కేసు పక్కనున్న చిన్న మరను రవ్వంత తిప్పి మళ్లీ చూసుకోవాలనీ ఎంతో నిదానంగా చెప్పుకొచ్చావు. చదువుతూ నేను కూడా ఒట్టి చేతినే కుదిపి చూశాను. ఆ వెంటనే, ఊపిరి తీసుకునే సందైనా ఇవ్వకుండా, ‘నచ్చితే లైక్ కొట్టండి, పదిమందికీ షేర్ చేయండి, మీ అభిప్రాయం తప్పక రాయండి’ అన్నావు. అప్పటిదాకా నా పక్కన కూర్చుని మెల్లగా చెబుతున్న మనిషి ఉన్నట్టుండి వేదికెక్కి మైకు పట్టుకున్నట్టయింది.

ఈ అలవాటు నీకు ఎక్కడ అంటిందో తెలుసు. పాఠకుడు చప్పుడు చేస్తేనే ఉన్నట్టు లెక్క అని ఈ కాలం నేర్పుతోంది. అంతర్జాలంలో జనం మెలిగే తీరును గమనించిన జేకబ్ నీల్సన్ 2006లోనే ఒక స్థూలమైన లెక్క చెప్పాడు: నూటికి 90 మంది చదివి ఊరుకుంటారు, 9 మంది ఎప్పుడో ఒక మాట రాస్తారు, మిగిలిన ఒక్కరే తరచుగా రాస్తూ ఉంటారు. నీకు అన్నం పెట్టబోయేవాళ్లలో ఎక్కువమంది ఆ 90 మందిలోనే ఉన్నారు. వాళ్లు నీ వ్యాసం తెరిచి పెట్టుకుని, సూది విప్పి, సరైన వైపు తిప్పి బిగించుకుని, కుట్టు తప్పకుండా పడుతోందని చూసుకుని వెళ్లిపోతారు. వాళ్లు మెచ్చుకునే పద్ధతి అంతే. వాళ్లను ప్రతిసారీ చప్పట్లు అడిగితే, అడగని చోటికి పోతారు.

పాఠకుణ్ని నిలబెట్టుకోవడానికి నాకు తెలిసిన మార్గం ఒకటే, అది వేళ తప్పకపోవడం. ఎవరు ఎంత వెక్కిరించినా ఈ మాట వదలను. నీ మూడు వ్యాసాల తేదీలు చూశాను. మొదటి రెండూ ఒకే వారంలో వచ్చాయి, మూడోది రెండు నెలల తరవాత. మంచి రచన ఎప్పుడొచ్చినా మంచిదే కదా అని నీ ఉత్తరంలో అన్నావు. రచన మంచిదే కావచ్చు, కానీ ఎప్పుడొస్తుందో తెలియనిదాని కోసం ఎవరూ ఎదురుచూడరు. ఎదురుచూడనివాడు నీ పాఠకుడు కాడు, దారిన పోతూ ఆగినవాడు. ఆంగ్ల రచయిత సామ్యూల్ జాన్సన్ 1750 నుంచి 1752 దాకా ‘ది రాంబ్లర్’ అనే తన వ్యాసపత్రికను వారానికి రెండుసార్లు, మంగళవారం, శనివారం వెలువరించాడు. సంచిక అమ్మకం 500 ప్రతులకు లోపే ఉండేదట. ఆ వ్యాసాలే పుస్తకాలుగా వచ్చాక ఆయన బతికుండగానే పలు ముద్రణలు పొందాయి. రోజుకొకటి రాయమని ఊదరగొట్టే ఇప్పటి గురువుల మాట నేను చెప్పడం లేదు. నువ్వు పదిహేను రోజులకొకటి రాయి, కానీ ఆ రోజు తప్పనివ్వకు. రెండు వ్యాసాలు ఎప్పుడూ చేతిలో నిలవ ఉంచుకుంటే జ్వరమొచ్చినా మాట దక్కుతుంది.

ఈ సంగతి నేను ఒక వారపత్రికలో శీర్షిక రాసే రోజుల్లో నేర్చుకున్నాను. ప్రకటన దొరికినప్పుడల్లా సంపాదకుడు నా పేజీ ఎత్తేసేవాడు, ఎత్తేసినట్టు ఒక్క ముక్క కూడా వేసేవాడు కాదు. అడిగితే ‘పాఠకులకు అంత గుర్తుంటుందటండీ’ అనేవాడు. ఒకరోజు పారితోషికం కోసం వెళ్లి గంటలకొద్దీ కూర్చున్నప్పుడు, బీరువా పక్కన ఒక అట్టపెట్టె కనిపించింది. అందులో నా పేరున వచ్చిన పోస్టుకార్డులు దుమ్ముకొట్టుకుని ఉన్నాయి. సగానికి సగం ఒకే ప్రశ్న: ఈ వారం మీ శీర్షిక రాలేదేం? పారితోషికం ఆ రోజు కూడా రాలేదు, పెట్టె మాత్రం అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. వీలు చిక్కినప్పుడల్లా కూర్చుని అందరికీ జవాబులు రాశాను. తరవాత నేను సొంతంగా చిన్న పత్రిక పెట్టినప్పుడు మొదటి చందాలు పంపింది వాళ్లే. ఆ వారపత్రిక నా గురించి ఒక్క వాక్యం కూడా వేయలేదు, అది వేరే సంగతి.

కాబట్టి నీకు వచ్చే ప్రతి ఉత్తరానికీ నువ్వే జవాబు రాయి. ధన్యవాదాలు అని ఒక్క మాట పడేస్తే చాలదు. ఆ మనిషి మిషన్ ఏది, ఏ గుడ్డ మీద కుడుతుంటే దారం తెగుతోంది, సూది మార్చి ఎన్నాళ్లయింది అని తిరిగి అడుగు. నీ తరవాతి వ్యాసం ఆ జవాబులోంచే వస్తుంది, దాని కోసం ఒక పాఠకుడు ముందే కాచుకుని ఉంటాడు.

ఇక, పాఠకుల చిరునామాలు నీ దగ్గర ఉండాలి, ఇంకొకరి దగ్గర కాదు. తమకు నచ్చిన రాతలన్నీ జనం ఒకేచోట చదువుకునే గూగుల్ రీడర్‌ను 2013 జూలై 1న ఆపేశారు. దాని ద్వారా వచ్చే పాఠకులను ఎందరో రచయితలు అలా పోగొట్టుకున్నారు. 2018 జనవరిలో ఫేస్‌బుక్ తన పద్ధతి మార్చి, పేజీలు పెట్టే రాతల కంటే బంధుమిత్రుల కబుర్లకే ముందు చోటు ఇస్తామని ప్రకటించింది. అనుచరుల సంఖ్య అలాగే ఉన్నా, వాళ్లకు రాత చేరడం తగ్గిపోయింది. ఈమెయిల్ చిరునామా పాతకాలపు వస్తువే, కానీ దాన్ని నువ్వు ఎక్కడికైనా పట్టుకుపోగలవు.

నిజమైన అభిమానులు వెయ్యిమంది ఉంటే చాలు, రచయిత బతకగలడని అమెరికన్ రచయిత కెవిన్ కెల్లీ చెప్పిన మాట నీ ఉత్తరంలో ఉదహరించావు. 2008 నాటి ఆ వ్యాసంలో, ఒక్కొక్కరి వల్ల ఏటా 100 డాలర్లు మిగిలితే వెయ్యిమందితో 1,00,000 డాలర్లు అవుతాయన్న లెక్క అందరూ చదివారు. ఆ సొమ్ము మధ్యవర్తి లేకుండా నేరుగా రచయితకు చేరాలన్న షరతును మాత్రం మరిచిపోయారు. నీకు ఇప్పుడు వెయ్యిమంది అక్కర్లేదు. పేరుపేరునా తెలిసిన వందమందిని సంపాదించుకో.

వ్యాసం పొడవు, అక్షరాల రంగు, ప్రకటనల కంపెనీల గురించి అడిగినవి వదిలేస్తున్నాను. డబ్బు ఎప్పుడు అడగాలన్నదానికి మాత్రం జవాబు ఉంది. కొన్ని నెలలు వేళ తప్పకుండా రాశాక, ఎప్పుడైనా గత్యంతరం లేక ఒక సంచిక ఆలస్యమైతే, నీకు ముఖపరిచయం లేనివాళ్లు ఏమైందని రాస్తారు. అలా రాసేవాళ్లు పదిమందైనా తేలిన నాడు చందా ప్రకటించు. మరమ్మతు వ్యాసాలు అందరికీ తెరిచే ఉంచు, ఎందుకంటే కొత్తవాళ్లు వాటి కోసమే వెతుక్కుంటూ వస్తారు. పాఠకుల మిషన్ల మీద నువ్వు విడివిడిగా రాసే వివరమైన జవాబులు చందాదారులకు ఇవ్వు. ఏడాది చందాయే పెట్టు, నెలనెలా చెయ్యి చాచవద్దు. తొలి సంచికలోనే ఏ రోజున వస్తావో స్పష్టంగా అచ్చువెయ్యి, ఆ రోజు ఏమిటో నాకూ తెలియజెయ్యి.