“ఈ వయసుకే ఇంత చేసిందా!” అంటే మురిసిపోవాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. పాస్‌వర్డ్‌లు దాచుకునే సాఫ్ట్‌వేర్ రాసి, కోడ్‌ని అందరూ చూసేలా పెట్టుకునే సైట్ గిట్‌హబ్‌లో పెట్టింది. పేజీలో వయసు రాస్తే పేరొస్తుందని కొందరు, రాస్తే ఎవరూ సీరియస్‌గా తీసుకోరని కొందరు అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: వయసు రాయొద్దనండి.

పాస్‌వర్డ్‌లు అప్పజెప్పేవాళ్లు చూసేది వేరే. మాస్టర్ పాస్‌వర్డ్ (మిగతావన్నీ తెరిచే ఒక్క పాస్‌వర్డ్) నుంచి కీ, అంటే సమాచారానికి తాళంచెవి, తయారు చేయడానికి ఆర్గాన్2 లాంటి నిపుణులు పరీక్షించిన పద్ధతి వాడిందా, లేక ఎన్‌క్రిప్షన్ (వేరేవాళ్లు చదవలేకుండా సమాచారాన్ని మార్చేయడం) పద్ధతి కూడా తనే కనిపెట్టిందా? కనిపెట్టిందే అయితే, రాసినవాళ్లకి 15 ఏళ్లున్నా 50 ఏళ్లున్నా నా పాస్‌వర్డ్‌లు అందులో పెట్టను, మీరూ పెట్టకండి, తను అలిగినా సరే. ఫైల్ పాడైతే తిరిగి తెచ్చుకునే దారి ఉందా, ఎవరైనా తప్పు చూపిస్తే ఎన్నాళ్లకి సరిచేస్తోంది, ఇవీ చూస్తారు.

“ఈ వయసుకి గొప్పే” అనేవాళ్లలో చాలామంది కోడ్ తెరిచి కూడా ఉండరు. తెరిచినవాళ్లేమో చిన్నపిల్ల కదా, ఎందుకు నొప్పించడం అని తప్పులు కనబడినా చెప్పకుండా ఊరుకుంటారు, దాంతో తను నేర్చుకోవాల్సింది నేర్చుకోకుండానే మెచ్చుకోలు మాత్రం మిగులుతుంది. వయసు చూసి తీసిపారేసేవాళ్లూ అంతే, చదవరు.

అమెరికన్ ప్రోగ్రామర్ ఆరన్ స్వార్ట్జ్ 2000లో ఆర్‌ఎస్‌ఎస్ 1.0 (వెబ్‌సైట్లలో కొత్తగా వచ్చినవి ఒకేచోట చదువుకునేందుకు వాడే పద్ధతి) రాసిన బృందంలో ఒకడు, అప్పటికి అతనికి 14 ఏళ్లు. పని మెయిళ్లలోనే నడిచింది, ఒకసారి కలుద్దాం రమ్మన్నప్పుడు గానీ తోటివాళ్లకి ఆ సంగతి తెలియలేదట. 1991లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ గురించి బయటికి చెప్పినప్పుడు లైనస్ టోర్వాల్డ్స్ 21 ఏళ్ల విద్యార్థి. ఆ ప్రకటనలో వయసు ఊసే లేదు, ఇది హాబీగా చేస్తున్నానని చెప్పి, మీకు ఏమేం కావాలని అడిగాడు. మీ అమ్మాయి పేజీ కూడా అలాగే ఉండాలి.

ఇంకోటి, మైనర్ పిల్ల పేరు, వయసు, ఫొటో, స్కూలు అన్నీ ఒకేచోట పెట్టడం నాకు అస్సలు నచ్చదు.

అయితే స్కాలర్‌షిప్, కాలేజీ అప్లికేషన్ల దగ్గర లెక్క మారుతుంది. అక్కడ చూసేది సాఫ్ట్‌వేర్‌ని కాదు, మనిషిని. ఎప్పుడు మొదలెట్టింది, మొదటి వెర్షన్‌లో ఏం తప్పు చేసింది, దాన్ని ఎలా దిద్దుకుంది అని రాసేటప్పుడు వయసు దానంతటదే వస్తుంది, రానివ్వండి. రూల్స్ విషయానికొస్తే గిట్‌హబ్ అకౌంట్‌కి 13 నిండితే చాలు, కొత్తవాళ్లు అందరికీ తెరిచి ఉన్న కోడ్ మీద పనిచేసే కార్యక్రమం గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి మాత్రం 18 నిండాలి. డబ్బుకి అమ్మాలనుకుంటే ఒప్పందాల మీద మీ సంతకం కావాల్సి రావచ్చు, అది ముందే కనుక్కోండి.

ఈ వారం ఒక పని చేయమనండి. పేజీలో పైనే, “దీన్ని భద్రతా నిపుణులెవరూ పరీక్షించలేదు, అసలు పాస్‌వర్డ్‌లు ఇప్పుడే పెట్టకండి” అని రాయాలి. దానికి తను మనస్ఫూర్తిగా ఒప్పుకుంటే, అప్లికేషన్‌లో మొదట రాయమని నేను చెప్పేది ఆ సంగతే.